నీకు తెలియనిది కాదు ప్రభువా

బైబిలమ్మ పోయిందన్న కబురు నాకు వాట్సాప్‌లో తెలిసింది. మా ఊరి స్త్రీల సమాజం గ్రూపులో ఎవరో ఆమె పాత ఫోటో పెట్టి, చుట్టూ గులాబీలు అతికించి, ‘ప్రభువునందు నిద్రించారు’ అని రాశారు. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నేనూ ఒక బొమ్మ పెట్టాను. ఏడుపు రాలేదు. నిజం చెప్పాలంటే హాయిగా అనిపించింది. పద్దెనిమిదేళ్ళ కిందట మా అక్కకి నేను చేసిన ద్రోహం తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఆమె ఒక్కతే. ఆ ఒక్క నోరూ మూతపడింది.

ఆమె అసలు పేరు మా ఊళ్ళో సగం మందికి తెలియదు. మిషన్ రోజుల్లో ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పడానికి ఒకావిణ్ణి పెట్టేవారు. బైబిల్ స్త్రీ అనేవారు. ఉద్యోగం ఎప్పుడో పోయింది, జీతం అంతకుముందే పోయింది, పేరు మాత్రం అతుక్కుపోయింది. గురజాల నుంచి ఆటోలో అరగంట దూరం మా ఊరు. అక్కడ ఏ ఇంటి నాపరాయి అరుగు మీద చూసినా మధ్యాహ్నం పూట ఆమె ఉండేది. తెల్ల చీర, సన్న అంచు, చంకలో గొడుగు, గుడ్డసంచిలో అట్టలు ఊడిన బైబిలు. ఎడమచెవి వినపడదు. వినపడని వాళ్ళందరిలాగే మనకూ వినపడదనుకుని మాట్లాడేది.

ఆమె దగ్గర ఒక్కటే సరుకు. పశ్చాత్తాపం. అదీ ఏ రోజుది ఆ రోజు.

“నిన్న కడిగిన చెంబులో ఇయ్యాల నీళ్ళు తాగుతావా? మళ్ళీ తొలుచుకునే గదా తాగుతావు. మరి నిన్న కడుక్కున్న మనసుతో ఇయ్యాల ప్రార్థనకెట్టా కూర్చుంటావే?” అనేది. బాప్తిస్మం తీసుకుని ముప్పై ఏళ్ళయింది, నాకింకేం పాపాలమ్మా అన్న పెద్దమనిషితో, “ముప్పై ఏళ్ళ నాడు స్నానం చేశానని ఇయ్యాల పెళ్ళికెళ్తావా నాయనా?” అంది. ఆయన మళ్ళీ ఆమె కనపడితే సందు మార్చి నడిచేవాడు.

మిరపకోతల రోజుల్లో దీపాలు పెట్టే వేళకు మా అరుగు మీద ఏడెనిమిది మంది ఆడవాళ్ళను కూర్చోబెట్టేది. చేలో నుంచి వచ్చి, మండే చేతులకు మజ్జిగ రాసుకుని, అలాగే వచ్చి కూర్చునేవారు. వాళ్ళ చేతులు చూపించి చెప్పేది: “పాపం మిరప్పొడే. వేలికంటింది కనపడదు. కన్ను నలుపుకున్నాక తెలుస్తది. అందుకని కన్ను జోలికి పోకముందే కడుక్కోవాల.” తర్వాత ఒక్కొక్కరూ ఆ రోజు చేసిన తప్పు ఒకటి చెప్పాలి. అదీ పద్ధతి. ముందు తనే మొదలుపెట్టేది.

“పక్కింటి కోడి మా నూకలు తింటంటే రాయేశా. తగిలింది. తగిలిందని సంతోషపడ్డా. రాయెయ్యటం సగం పాపం, సంతోషం నిండా పాపం.”

మేం నవ్వేవాళ్ళం. ఆమె నవ్వేది కాదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి కోడిగలావిడకు ఆ మాట చెప్పి వచ్చేది. ఆవిడ ఊరుకునే రకం కాదు, నాలుగు కడిగి పంపించేది. “దేవుడికి చెప్పుకోవటం తేలికేనమ్మా, ఆయన తిట్టడు గదా. కోడిగలామెకి చెప్పు, తెలుస్తది,” అంటూ తిరిగొచ్చేది. ఒప్పుకోలు దేవుడికి, క్షమాపణ మనిషికి అని ఆమె లెక్క. రెండూ అయితేనే కడుక్కున్నట్టు. ఒకటి చేసి రెండోది మానేస్తే వీపు తోమకుండా నీళ్ళు పోసుకున్నట్టేనట.

ఇంత తెలిసిన మనిషికి ఒకే ఒక్క రోగం. నోరు. కళ్ళు మూసుకుందంటే చాలు, ఎదురుగా దేవుడు తప్ప ఎవరూ లేరనుకునేది. ‘నీకు తెలియనిది కాదు ప్రభువా’ అని మొదలుపెట్టి, ఊళ్ళో ఎవరికీ తెలియనివన్నీ చెప్పేది. “నీకు తెలియనిది కాదు ప్రభువా, మా సంఘపెద్ద గారికి షుగరు నాలుగొందలుంది, అయినా మొన్న పెళ్ళిలో మూడు లడ్డూలు తిన్నాడు, ఆయన నాలుక్కి కళ్ళెమెయ్యి.” ఇది మందిరంలో, మైకులో. మందిరం మీది హారన్ మూడు వీధుల అవతలికి వినపడుతుంది. లడ్డూల దాకా నవ్వులే. ఎవరూ ఆమెను ఆపలేదు. ప్రార్థనని ఆపడం పాపమని మా వాళ్ళ భయం.

ఇక నా సంగతి.

నాకప్పుడు ఇరవై ఏళ్ళు. నరసరావుపేటలో టీచర్ ట్రైనింగ్ చదువుతూ సెలవలకు ఇంటికి వచ్చాను. అక్క పురిటికి వచ్చి మూణ్ణెల్ల పాపతో ఇంట్లోనే ఉంది. అక్కని మాచర్ల ఇచ్చారు. ఆరేళ్ళు పిల్లల్లేరు. అన్ని ఉపవాస ప్రార్థనలూ అయ్యాయి, ప్రార్థన చేసిన నూనె రాయించుకోవడాలూ అయ్యాయి. మా గోడ పక్క ఇల్లు శివమ్మత్తది. వాళ్ళది శివుడి ఇల్లు, మాది యేసయ్య ఇల్లు. అయినా అక్కను చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పింది ఆమే. ఒక శివరాత్రికి ఆమె అక్కను కోటప్పకొండకు తీసుకెళ్ళింది. ప్రభలు, జనం, ఆ తోపులాటలో అక్క కొంగు ముఖం మీదికి లాక్కుని పైకెక్కి, బిడ్డ పుడితే పుట్టెంట్రుకలు అక్కడే ఇస్తానని మొక్కుకుంది. ఏడాది తిరక్కుండా పాప పుట్టింది. ఈ సంగతి శివమ్మత్తకు తెలుసు. అక్క నాకు మాత్రం చెప్పింది, ఎవరితోనూ అనొద్దని నా చెయ్యి తన తల మీద పెట్టించుకుని.

అరుగు మీద చెప్పడానికి నా పాపాల్లో పస ఉండేది కాదు. మిగతావాళ్ళు మొగుళ్ళను శపించినవీ, కూలికెళ్ళిన చేలో కాయలు కొంగున ముడేసుకొచ్చినవీ చెప్పేవారు. నేను అమ్మకి ఎదురు చెప్పాననేదాన్ని. ఒకరోజు బైబిలమ్మ, “అది మొన్న చెప్పావు గదే. కొత్తదేం లేదా?” అంది. అందరూ నవ్వారు. చదువుకున్న పిల్లనని, నాకు రోషం వచ్చింది.

మర్నాడు వాన. అరుగు మీదికి ఎవరూ రాలేదు, ఆమె ఒక్కతే గొడుగేసుకుని వచ్చింది. అక్క లోపల పాపని నిద్రపుచ్చుతూ పాడుతోంది. అక్క గొంతు బాగుంటుంది, మందిరంలో అందరూ దాన్నే పాడమంటారు, నన్ను పుస్తకం పట్టుకోమంటారు. ఆ పాట వింటూ నేను, “పెద్దమ్మా, అక్క కోసం నువ్వు ప్రార్థన చెయ్యాల,” అన్నాను. మొత్తం చెప్పాను. భయం ఉందా అంటే ఉంది, అక్క ఆత్మ ఏమైపోతుందోనన్న భక్తీ ఉంది. ఆ రెంటి కంటే పెద్దది ఇంకొకటుంది. మొదటిసారి బైబిలమ్మ తన వినపడే చెవిని నా వైపు తిప్పి కూర్చుంది. అది నాకు బాగుంది.

ఆ ఆదివారమే పాపకు ప్రతిష్ఠ, అంటే బిడ్డను మందిరంలో దేవుడికి అప్పగించే ప్రార్థన. కొత్త చీర కట్టుకుని అక్క ముందు వరసలో కూర్చుంది. పాప నెత్తిమీద చెయ్యి పెట్టి ప్రార్థించమని పాస్టరు గారు బైబిలమ్మను పిలిచారు. ఆమె కళ్ళు మూసుకుంది.

“నీకు తెలియనిది కాదు ప్రభువా, ఈ బిడ్డ తల్లి నీ మీద ఆశ చాలక శివరాత్రికి కోటప్పకొండెక్కింది. పుట్టెంట్రుకలు ఆడ ఇస్తానని మొక్కింది. పిచ్చితల్లి, కడుపాకలితో చేసింది. దాన్ని కడుగు తండ్రీ, నీ ఒళ్ళోకి లాక్కో...”

చెంపల మీద నీళ్ళు కారిపోతున్నాయి. ప్రేమతోనే అంది. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ద్వేషంతో అని ఉంటే ఎంత బాగుండేది. ఆమెన్ అని ఆమె కళ్ళు తెరిచేసరికి మందిరంలో ఎవరూ ఆమెన్ అనలేదు. అందరి ముఖాలూ చూసింది. చేతిలోని మైకు చూసింది. అప్పుడు అర్థమైంది ఆమెకి.

పాస్టరు గారు పాపను అక్క చేతికి తిరిగిచ్చేశారు. ముందు తల్లి అందరి ఎదుటా మోకరించి ఒప్పుకోవాలి, ఆ తర్వాతే ప్రతిష్ఠ అన్నారు. అక్క లేచింది. మోకరించడానికనుకున్నాం. పాపను భుజాన వేసుకుని, గుమ్మం దగ్గర చెప్పులు కూడా వేసుకోకుండా కాలే నాపరాళ్ళ మీద నడిచి వెళ్ళిపోయింది. మళ్ళీ ఏ మందిరమూ ఎక్కలేదు. పాప పుట్టెంట్రుకలు కొండ మీదా తీయించలేదు. మాచర్ల బస్టాండు పక్కన మంగలి షాపులో తీయించింది. మా నాన్న చనిపోయినప్పుడు కూడా సమాధుల తోట బయట రోడ్డు మీద నిలబడి మట్టెయ్యకుండా వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో నన్ను అడిగింది. “ఎవురు చెప్పారే?”

“నాకేం తెలుసు? నీకూ నాకూ శివమ్మత్తకే గదా తెలిసింది. నేనైతే చెప్పలా,” అన్నాను.

అబద్ధం ఒక ముక్కే. మిగతాదంతా నిజం. అక్క గోడ దగ్గరికి వెళ్ళి శివమ్మత్తని నోటికొచ్చినట్టు తిట్టింది. “నేనెక్కడా అన్లేదే తల్లీ, నా బిడ్డ మీద ఒట్టే,” అని శివమ్మత్త గోడకవతల నుంచి ఏడ్చింది. నేను చాప మీద కూర్చుని పాపకు విసనకర్ర ఊపుతున్నాను. ఆ రోజుతో ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటలు పోయాయి.

సాయంత్రం బైబిలమ్మ వచ్చింది. అక్క తలుపు గడియ తియ్యలేదు. చాలాసేపు గుమ్మం దగ్గర నిలబడి, వెళ్ళబోతూ నా దగ్గర ఆగింది. జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడింది.

“మైకులో అన్నది నా పాపం. నాకు చెప్పింది నీది. నాది నేను మోస్తా. నీది నేను మొయ్యలేనే, నువ్వే చెప్పుకో.”

అంతే. ఆమె ఎవరితోనూ నా పేరు అనలేదు. ప్రార్థనలో కూడా అనలేదు. ఆ రోజు నుంచి ఆమె మైకు ముట్టుకోలేదు. కళ్ళు మూసుకుంటే పెదాలు కదిలేవి, మాట బయటికి వచ్చేది కాదు. ఊళ్ళో అందరూ ముసలామె నీరసించిందన్నారు. నాకు మాత్రం ఎదురైనప్పుడల్లా ఒక్క మాటే. “చెప్పావా?” కుళాయి దగ్గర, పెళ్ళి పందిట్లో, మా నాన్న శవం పక్కన కూడా. ఆ మాటకు భయపడి నేను ఊరికి రావడం తగ్గించాను.

ఆమె మీద కోపం పెంచుకోవడం నాకు చాలా పనికొచ్చింది. అక్క బతుకు చెడగొట్టింది ఎవరు? మైకు ఎవరిది? ప్రతి కోడి యజమాని దగ్గరికీ పరిగెత్తిన మనిషి, మా అక్క దగ్గరికి మళ్ళీ వెళ్ళిందా? మంచివాళ్ళ తప్పులు పట్టుకుంటే మనకు మంచి నిద్ర పడుతుంది. నేను ఏళ్ళ తరబడి అలాగే నిద్రపోయాను.

ఇంకొకటి కూడా చూశాను, తప్పుగా చూశాను. ప్రతి నెలా మొదటి ఆదివారం మందిరంలో ప్రభురాత్రి భోజనం, మా మాటలో బల్ల, తీసుకునేటప్పుడు రొట్టె పళ్ళెం వరసలో ఆమె దాకా వచ్చేది. ఆమె తీసుకునేది కాదు, పక్కవాళ్ళకి అందించేది. ద్రాక్షరసమూ అంతే. నేను ఊళ్ళో ఉన్న ప్రతి మొదటి ఆదివారమూ ఇదే. ‘ఎంత వినయమో’ అన్నారు కొందరు. నాటకం అనుకున్నాను నేను. ఆమె అందించిన పళ్ళెంలోంచి నా ముక్క నేను తీసుకుని, కళ్ళు మూసుకుని, నమిలి మింగాను. పద్దెనిమిదేళ్ళలో ఎన్ని మొదటి ఆదివారాలో.

ఒకసారి నరసరావుపేట బస్టాండులో దొరికిపోయాను. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చింది. సండే స్కూలులో పిల్లలకు పాఠాలు కూడా చెబుతున్నాను. ఆమె మిరప్పొడి మాట నా మాటగా చెబితే పాస్టరమ్మ మెచ్చుకుంది కూడా. కళ్ళ ఆస్పత్రికి వచ్చిందట ముసలామె. నల్లద్దాలు పెట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంది. నన్ను గొంతు బట్టి గుర్తుపట్టింది.

“చెప్పావా?”

బస్సు ఎక్కే తొందరలో, నలుగురిలో, నాకు ఒళ్ళు మండింది. “నువ్వెళ్ళి అడిగావా అక్కని? పద్దాక నన్నడుగుతావు. నోరు జారింది నువ్వు. నీ ప్రార్థనతో మా ఇల్లు కూల్చావు. ముందు నీది నువ్వు కడుక్కో,” అన్నాను.

వెళ్ళానంటుందనుకోలేదు, వెళ్ళలేదంటుందనుకున్నాను. నల్లద్దాల కింద నుంచి నీళ్ళు కారాయి, ఆపరేషన్ చేసిన కళ్ళు కదా అనుకున్నాను. మాచర్ల బస్సు వస్తే తడుముకుంటూ ఎక్కింది. మా ఊరి అడ్డరోడ్డుకూ ఆ బస్సే కాబట్టి నేను దాని గురించి ఆలోచించలేదు. అదే ఆమెతో నా ఆఖరి మాట.

సమాధి కార్యక్రమానికి వెళ్ళాను. వెళ్ళకపోతే అందరూ అడుగుతారు. సాగర్ కాలువ అవతల సమాధుల తోట, మిట్టమధ్యాహ్నం ఎండ. పాటలయ్యాయి, మట్టి వేశారు, జనం పల్చబడ్డారు. గేటు లోపలికి ఒకామె నడిచి వచ్చింది. అక్క. నాన్నకి రాని మనిషి, బైబిలమ్మకి వచ్చింది.

మట్టికుప్ప పక్కన నిలబడి, నన్ను చూసి, ఎక్కడో మధ్యలోంచి మొదలుపెట్టినట్టు చెప్పింది.

“నెలనెలా వచ్చేది. మొదటి ఆదివారం ముందు శనివారం. మాచర్ల దాకా బస్సులో వచ్చి మా గేటు కాడ నిలబడేది. ‘తప్పు నాది బిడ్డా, మన్నించు’ అనేది. నేను, ‘నీకెవురు చెప్పారో ఆ పేరు చెప్పు, మన్నిస్తా’ అనేదాన్ని. తలూపి ఎళ్ళిపోయేది. మళ్ళీ నెల మళ్ళీ వచ్చేది. కళ్ళు ఆపరేషనై నల్లద్దాలు కూడా తియ్యకముందు తడుముకుంటా వచ్చింది. చెప్పలా. ముండమోపి, చానా మొండిది. చావనన్నా చచ్చింది గానీ పేరు చెప్పలా.”

నాకు అప్పుడు తెలిసింది ఆమె రొట్టె ఎందుకు ముట్టలేదో. మన్నింపు దొరక్కుండా బల్ల దగ్గరికి పోకూడదని మాకు నేర్పింది ఆమే. నా పేరు చెబితే ఒక్క శనివారంలో అయిపోయేది. పద్దెనిమిదేళ్ళు నా నోటితో నేను చెబుతానని కనిపెట్టుకుని కూర్చుంది.

ఇంతలో శివమ్మత్త వచ్చింది. కర్ర పట్టుకుని, మనవరాలి చెప్పులేసుకుని. ఊళ్ళో పెద్ద ప్రాణం పోతే ఏ మతమైనా మా వాళ్ళు వస్తారు. అక్కను చూసి దూరంగా ఆగిపోయింది. తర్వాత ఏమనుకుందో, దగ్గరికి వచ్చి అక్క గడ్డం పట్టుకుంది.

“అమ్మా, నీకో మాట చెప్పాల. నేను అన్నట్టు నాకైతే గుర్తులేదు. కానీ కల్లాల కాడ పదిమందిలో కూర్చుంటాం, నోటికి తాళమేమన్నా ఉందా? నేనే యాడో జారుంటా. నేను గాకపోతే ఎవురు? పతి శివరాత్రికీ కొండ మీద లెంపలేసుకుంటన్నా. నన్ను మన్నించు తల్లీ.”

అక్క ముఖం మెత్తబడటం నేను చూశాను. పద్దెనిమిదేళ్ళ తర్వాత. “పోనియ్ అత్తా. ఎవురంటే ఏంది ఇప్పుడు,” అని ఆమె చేతులు రెండూ పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు.

అంతా సర్దుకుంది. నేను నోరు మూసుకుంటే చాలు. తెలిసిన మనిషి మట్టి కింద ఉంది, చెయ్యని తప్పును ఒకామె నెత్తిన వేసుకుంది, అక్క మన్నించింది కూడా. నా పాపానికి ఇంతకంటే మంచి సమాధి దొరకదు. ఆ మాట కూడా నా మనసులోకి వచ్చింది, దాచను. కానీ శివమ్మత్త వంగి అక్క చేతులు కళ్ళకద్దుకోబోయింది. అక్కని ఎత్తుకుని పెంచిన మనిషి ఆమె. చూడలేకపోయాను. దీన్ని ధైర్యమంటే బైబిలమ్మ ఒప్పుకోదు.

“అక్కా, చెప్పింది నేను.”

శివమ్మత్తకు ముందు అర్థమైంది. ఆమె అక్క చేతులు వదిలేసింది.

“ఏం చెప్పావు?” అంది అక్క.

“బైబిలమ్మకి. వాన రోజు, మన అరుగు మీద. అత్త చెప్పిందని నీకు అనిపించేట్టు అన్నదీ నేనే.”

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. అక్క నా వైపు ఒక్కసారి చూసింది. రోడ్డు మీద పోయే మనిషిని చూసినట్టు. తర్వాత మట్టికుప్ప వైపు తిరిగింది. దండలు అప్పుడే వాడిపోతున్నాయి.

“ఒక్కపూట లోపలికి రమ్మన్లేదే నేను,” అంది. “ఎండలో నిలబెట్టా. మంచినీళ్ళడిగితే గేటేశా. చేసింది నువ్వయితే నేను ఆమెను ఏడిపించా.” వంగి, జారిన దండ ఒకటి సరిచేసింది. “మరి నేనిప్పుడు ఎవురి గేటు కాడికి పోయి నిలబడాల?”

నన్ను అడగలేదు ఆ మాట. శివమ్మత్త ఆమె భుజం పట్టుకుని మెల్లగా ఆటో దాకా నడిపించింది. ఆటోలో ఇంకొకరికి చోటుంది. ఎక్కమని వాళ్ళు అనలేదు, నేనూ అడగలేదు.